పాత ఇంటి మరమ్మతుల డైరీ: ముందు తడి, తర్వాత గాలి, ఆపైన ఎండ

చలికాలం చివర: కొలతలు

ఏసీ మార్చాలా, పైకప్పు మీద సోలార్ పలకలు పెట్టించాలా అన్న చర్చ మా ఇంట్లో చాలాకాలంగా నడుస్తోంది. రెండూ కొనే వస్తువులే. కొనడం తేలిక కాబట్టే చర్చ ఎప్పుడూ అక్కడ మొదలై అక్కడే ఆగుతుంది. ఇల్లు వేడిని ఏ దారిన లోపలికి రానిస్తోందో, చలి రాత్రుల్లో ఏ దారిన బయటికి వదిలేస్తోందో ముందు చూద్దామని పట్టుబట్టాను. సరే, నువ్వే చూడు అన్నారు. అందుకే ఈ డైరీ.

ఇంటి సంగతి కొంచెం. ముందు భాగం పెంకుటిల్లు. ఒకటిన్నర ఇటుక మందం గోడలు, సున్నంతో కట్టినవి. పైన వాసాలు, పెంకులు; వాటి కింద చెక్క సీలింగ్; మధ్యలో మనిషి వంగి నడవగలిగేంత అటక. వెనుక భాగం తర్వాతి తరం వేయించిన కాంక్రీటు శ్లాబు. ఆ తరంవారే ముందు భాగానికి కూడా కొన్ని మెరుగులు దిద్దారు. పడమటి గోడకు బయట సిమెంటు పూత వేయించారు. గుమ్మాల పైన ఉన్న వెంటిలేటర్లను ప్లైవుడ్‌తో మూయించారు. కిటికీలకు బయటివైపు ఉన్న చెక్క రెక్కలు తీయించి అద్దాలు పెట్టించారు. ఈ మూడూ గుర్తుపెట్టుకోవాలి; పని ముందుకు సాగేకొద్దీ ఇవే అడ్డొస్తాయి.

మొదట మీటరు దగ్గర నిలబడ్డాను. ఎలక్ట్రానిక్ మీటర్ల మీద చిన్న ఎర్రదీపం మిణుకుతూ ఉంటుంది. యూనిట్‌కు ఎన్ని మిణుకులో పక్కనే ముద్రించి ఉంటుంది. మాది వెయ్యి. రెండు మిణుకుల మధ్య ఎన్ని సెకన్లు పట్టిందో చూసి, 3,600ను ఆ సంఖ్యతో భాగిస్తే ఆ క్షణాన ఇల్లు లాగుతున్న వాట్లు తెలుస్తాయి. మీటరు మీద 3,200 అని ఉంటే 3,600కు బదులు 1,125 తీసుకోవాలి. ఏ పరికరమూ కొనక్కర్లేదు, చేతిగడియారం చాలు.

అందరూ పడుకున్నాక, ఫ్యాన్లు ఆపించి, ఫ్రిజ్ కంప్రెసర్ ఆగి ఉన్న సమయం చూసుకుని లెక్కపెట్టాను. మిణుకుకూ మిణుకుకూ మధ్య 40 సెకన్లు. అంటే 90 వాట్లు. ఎవరూ దేన్నీ వాడని వేళ ఇది. ఒక్క వాటు ఏడాది పొడవునా ఆగకుండా నడిస్తే 8.76 యూనిట్లు, ఈ లెక్కన 90 వాట్లకు ఏడాదికి 788 యూనిట్లు పైమాట. ఎక్కడికి పోతున్నాయో తర్వాత వెతకాలి.

రెండో పరికరం దూరం నుంచి ఉపరితలాల వేడి చూసే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్. దీనితో ఒక జాగ్రత్త ఉంది. మెరిసే లోహం మీద గురిపెడితే అది చెప్పే అంకె నమ్మదగినది కాదు. మెరిసే ఉపరితలం తన వేడిని తక్కువగా వెదజల్లి, ఎదుటి వస్తువుల వేడిని ప్రతిఫలిస్తుంది. అలాంటిచోట ఒక టేపు ముక్క అంటించి దాని మీద గురిపెట్టాలి. గోడలు, శ్లాబు, చెక్క వంటివాటితో ఇబ్బంది లేదు.

సాయంత్రం 7 గంటలకు బయటి గాలి 29 డిగ్రీలు, వెనుక గది శ్లాబు అడుగున 36 డిగ్రీలు. సూర్యుడు అస్తమించాక కూడా కప్పు కిందివారి మీదికి వేడిని కురిపిస్తూనే ఉంది. 150 మిల్లీమీటర్ల కాంక్రీటు గుండా పైవేడి కిందికి చేరడానికి సుమారు 4 గంటలు పడుతుంది. మధ్యాహ్నపు ఎండ రాత్రి భోజనాల వేళకు గదిలోకి దిగుతోందన్నమాట. ముందు భాగంలో ఇబ్బంది వేరు: చెక్క సీలింగ్ దగ్గర గాలి బాగా వేడి, మోకాళ్ల ఎత్తులో చల్లదనం. పైకెక్కిన వేడిగాలి అక్కడే నిలిచిపోతోంది. బయటికి పోయే దారి లేదు.

తర్వాతి వారాలు: పడమటి గోడ

అడిగినవారందరూ పడమటి గోడకు లోపలివైపు థర్మకోల్ పలకలు అంటించమని సలహా ఇచ్చారు. నేను ఒప్పుకోలేదు. ఆ గోడ తడిగా ఉంది. మోకాలి ఎత్తు వరకు రంగు పొక్కి రాలుతోంది, ఉప్పు తెల్లగా పూసింది. తడిగోడకు పలక అంటించడమంటే రోగాన్ని కప్పెట్టడమే.

తడికీ కరెంటుకూ సంబంధం ఏమిటని ఇంట్లో అడిగారు. ఇటుకలోని సన్నటి రంధ్రాల్లో ఉండే నిశ్చలమైన గాలే వేడిని అడ్డుకుంటుంది. గాలి ఉష్ణవాహకత, అంటే వేడిని దాటనిచ్చే గుణం, ఒక మీటరుకు ఒక్కో డిగ్రీ తేడాకు 0.026 వాట్లయితే నీటిది 0.6, అంటే ఇరవై రెట్లు దాటింది. రంధ్రాల్లోకి గాలి బదులు నీరు చేరితే వేడి ఆ గోడను సులభంగా దాటేస్తుంది. పైగా ఆ నీరు గదిలోకి ఆవిరవుతుంది. గది చెమ్మగా ఉంటే అదే ఉష్ణోగ్రత మరింత ఉక్కపోతగా తోస్తుంది. ఏసీకి గాలిని చల్లబరచడంతోపాటు నీటిని పిండే పని కూడా పడుతుంది. కాబట్టి గోడను ఆరబెట్టడమే మొదటి విద్యుత్ పొదుపు.

తడి ఎక్కడిది? బయటికెళ్లి చూస్తే మూడు కారణాలు కనిపించాయి. పైనుంచి వాననీరు దిగే గొట్టం మధ్యలో విరిగి గోడ మీదే కారుతోంది. గోడ పక్కన ఏళ్ల తరబడి పోసిన మట్టి ఇంటి లోపలి నేల మట్టానికి పైకెక్కింది. మూడోది సిమెంటు పూత. సున్నపు గోడ తడిని పీల్చుకుంటుంది, ఎండలో వదిలేస్తుంది. దానికి బయటికి ఊపిరి ఆడనివ్వని గట్టి పూత వేస్తే, పగుళ్లలోంచి దిగిన నీరు వెనక చిక్కుకుని, తేలికైన దారి వెతుక్కుంటూ లోపలికి వస్తుంది. ఇప్పటి మామూలు సిమెంటు రకమైన పోర్ట్‌లాండ్ సిమెంటుకు ఇంగ్లండ్ తాపీమేస్త్రీ జోసెఫ్ ఆస్ప్‌డిన్ పేటెంటు తీసుకున్నది 1824లో. ఆ తర్వాత కూడా చాలాకాలం ఎన్నోచోట్ల గోడలు సున్నంతోనే లేచాయి. అలాంటి గోడలకు సిమెంటు తొడుగు ఒక తరం వెనక వచ్చిన ఫ్యాషన్.

పూత మీద సుత్తితో తట్టి చూశాం. చాలాచోట్ల డొల్ల శబ్దం.

"మేస్త్రీ గారూ, ఇదంతా తీసేస్తే గోడకు ఇబ్బంది ఉండదు కదా?" అన్నాను.

"గోడ దీనికంటే ముందునుంచే నిలబడి ఉందండీ" అన్నారాయన, ఉలి అందుకుంటూ.

డొల్లగా ఉన్నంతమేర సిమెంటు పలకలుగా ఊడి వచ్చింది. గట్టిగా పట్టుకున్నచోట బలవంతం చేయలేదు. ఇటుక ముఖం కూడా లేచి వస్తుంది. మట్టిని లోపలి నేలకంటే 150 మిల్లీమీటర్లు కిందికి తవ్వించాం. గొట్టం మార్చాం. తర్వాత సహజ హైడ్రాలిక్ సున్నం (నీటితో కూడా కొంత గట్టిపడే రకం), ఇసుకతో పూత. కొత్త పూత ఇటుకకంటే మెత్తగా ఉండాలి. రేపు కదలికలో ఏదైనా పగలాల్సివస్తే పూతే పగలాలి తప్ప ఇటుక కాదు. ఒక్కో పొర పలుచగా వేసి, అది పట్టుకున్నాకే తర్వాతి పొర. ఎండ తగలకుండా తడిపిన గోనెపట్టాలు వేలాడదీశాం. సున్నం గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను మెల్లగా పీల్చుకుని గట్టిపడుతుంది కాబట్టి తొందరపెడితే పొడిలా రాలిపోతుంది. మేస్త్రీ గారికి ఇది తెలిసిన పనే. కూలీలకు మాత్రం ఇంత నెమ్మది ఎందుకో అర్థం కాలేదు.

పైన ప్లాస్టిక్ రంగు వద్దని, సున్నపు వెల్లే వేయించాను. గోడ లోపల ఆరడానికి నెలకు 25 మిల్లీమీటర్ల చొప్పున పడుతుందని పాత భవనాల మరమ్మతుల్లో ఒక ఉజ్జాయింపు లెక్క. మా గోడ రెండువైపుల నుంచీ ఆరినా ఏడు నెలలు. అప్పటిదాకా దానికి ఏదీ అంటించే ప్రసక్తే లేదు.

ఎండలు ముదరకముందు: గాలి

తలుపులు, కిటికీలు మూసి, వంటగదిలోనూ స్నానాల గదిలోనూ గాలిని బయటికి తోసే ఫ్యాన్లు వేసి, అగరుబత్తి పట్టుకుని ఇల్లంతా తిరిగాను. పొగ ఎక్కడ వణికిందో అక్కడ సుద్దముక్కతో గుర్తు. పెద్ద ఎత్తున చేసేవారు గుమ్మానికి ఒక ఫ్యాన్ బిగించి, లోపలికీ బయటికీ మధ్య 50 పాస్కల్‌ల పీడన తేడా కల్పించి ఎంత గాలి కారుతోందో కొలుస్తారు. మాకు ఎంత అన్నది అక్కర్లేదు, ఎక్కడ అన్నది చాలు.

కిటికీ చట్రాల దగ్గర కారుతుందని అనుకున్నదే. అసలు కన్నాలు మాత్రం ఎవరూ చూడనిచోట ఉన్నాయి. ఏసీ గొట్టం కోసం తొలిచిన రంధ్రం గొట్టానికి రెండింతలు ఉంది. అటకలోకి ఎక్కే మూత అంచులు బిగువుగా లేవు. కరెంటు తీగలు సీలింగ్‌లోకి దూరిన ప్రతిచోటా సందు. మూసేసిన ఒక పాత పొగగొట్టం పైన మాత్రమే మూసి ఉంది, గది వైపు తెరిచే ఉంది. 1970లలో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం ట్విన్ రివర్స్ అనేచోట ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇళ్లను కొలిచినప్పుడు ఇలాంటిదే తేలింది. అటకల్లో ఇన్సులేషన్ (దూది, పలక వంటి వేడిని ఆపే పొర) ఉన్నా వేడి లెక్కకు మించి పోతోంది. వెతికితే గోడల లోపలి ఖాళీల గుండా, గొట్టాల పక్కనుంచి గాలి నేరుగా అటకలోకి ఎక్కిపోతోంది. గాలి కదిలే సందు ఉన్నంతకాలం దాని పైన ఎంత దూది పరిచినా లాభం తక్కువ. అందుకే సందులు పూడ్చే పని అటకలో ఇన్సులేషన్ కంటే ముందు రావాలి.

పెద్ద సందులకు తగిన ముక్కలు కోసి బిగించి అంచులు సీలెంట్‌తో మూశాం. తలుపుల అడుగున బ్రష్ పట్టీలు, కిటికీ రెక్కలకు రబ్బరు పట్టీలు వేశాం. చౌక పని, విసుగు పని. ఇంట్లో తేడా మొదట తెలిసింది ధూళి విషయంలో.

ఇక్కడే మూసిన వెంటిలేటర్ల ప్రస్తావన వచ్చింది. ఒకవైపు సందులు పూడుస్తూ మరోవైపు వెంటిలేటర్లు తెరిపిస్తానంటే ఇంట్లో నవ్వారు. నాన్న మాత్రం నవ్వలేదు. "రాత్రి చల్లబడ్డాక పైవి తెరిచేవాళ్లం, తెల్లారాక మూసేవాళ్లం. తాడు ఉండేది" అన్నారు. ప్లైవుడ్ ఊడదీస్తే నిజంగానే కీలు, కప్పీ, కుళ్లిన తాడు ముక్క ఉన్నాయి. అంటే అవి ఎప్పుడూ తెరిచి ఉంచే కన్నాలు కావు, వేళను బట్టి నడిపే యంత్రాలు. వేడిగాలి తేలిక కాబట్టి పైనుంచి బయటికి పోతుంది, ఆ ఖాళీలోకి కింది కిటికీల గుండా చల్లగాలి వస్తుంది. పైకీ కిందికీ మధ్య ఎత్తు ఎంత ఎక్కువైతే ఆ లాగుడు అంత బలం. పాత ఇళ్ల కప్పులు అంత ఎత్తున ఉండటం ఆడంబరం కోసం మాత్రమే కాదు. రాత్రంతా చల్లగాలి తగిలితే మందపు గోడలు చల్లబడి, మర్నాడు మధ్యాహ్నం వరకు గదిని చల్లగా ఉంచుతాయి. ఏసీ పెట్టినప్పుడు ‘చల్లదనం పోతుంది’ అని వెంటిలేటర్లు మూయించారు. దాంతో గోడలు రాత్రిపూట చల్లబడే దారి పోయి, పగలు ఏసీ మరింత నడవాల్సివచ్చింది.

కొత్త తాళ్లు వేసి, దోమతెర బిగించి, మూసినప్పుడు గాలి చొరకుండా అంచులకు రబ్బరు పట్టీ వేయించాం. బయటి గాలిలో తేమ మరీ ఎక్కువగా ఉన్న రాత్రులు మాత్రం తెరవడం లేదు. 30 డిగ్రీల దగ్గర 70 శాతం తేమ ఉన్న గాలి 24 డిగ్రీల ఉపరితలానికి తగిలితే చాలు, నీటి బిందువులు కడుతుంది. ఏసీతో చల్లబడిన గదిలోకి ఆ గాలిని రానివ్వడం బూజును పిలవడమే.

ఈ భాగంలో ఒక హెచ్చరిక కూడా రాసి పెట్టుకోవాలి. ఇల్లు బిగించేకొద్దీ లోపల మండే ప్రతి వస్తువునూ తిరిగి చూడాలి. గ్యాస్ గీజర్, పొయ్యి, బొగ్గుల కుంపటి ఏదైనా సరే, వాటికి బయటినుంచి గాలి అందకపోతే వాసనా రంగూ లేని కార్బన్ మోనాక్సైడ్ గదిలో పేరుకుంటుంది. అది ప్రాణాంతకం. మా స్నానాల గదిలోని పాత గ్యాస్ గీజర్‌ను సందులు పూడ్చడానికి ముందే తీయించాం.

నడివేసవి: శ్లాబు

డబ్బూ శ్రమా ఎక్కువ పట్టింది ఇక్కడే, ఫలితం కూడా ఇక్కడే.

నడినెత్తిన ఎండ ఉన్నప్పుడు ఒక చదరపు మీటరు కప్పు మీద సుమారు 1,000 వాట్ల సౌరశక్తి పడుతుంది. మాసిన కాంక్రీటు దానిలో మూడింట రెండు వంతులకు పైగా మింగేస్తుంది. కొత్త తెల్లపూత 80 శాతం వరకు తిప్పికొడుతుంది. కాబట్టి తెల్లపూతే అన్నిటికంటే చవకైన ఉపాయం, మాకూ అదే చాలనిపించింది మొదట. కానీ మాది పగుళ్లున్న కప్పు, నీళ్లు నిలిచే కప్పు. దుమ్ము, నాచు పట్టి తెల్లదనం ఏటా తగ్గుతుంది. కడగాలి, మళ్లీ వేయాలి. ఎలాగూ నీటి కారడం ఆపేందుకు కప్పును విప్పాలి కాబట్టి ఇన్సులేషన్ కూడా అప్పుడే వేయాలని నిర్ణయించాం.

ఎంత మందం వేయాలి? లెక్క చూశాను. ఉత్త శ్లాబు వేడిని దాటనిచ్చే రేటు చదరపు మీటరుకు, ఒక్కో డిగ్రీ తేడాకు సుమారు 3.3 వాట్లు. దాని మీద 50 మిల్లీమీటర్ల ఎక్స్‌పీఎస్ (ఎక్స్‌ట్రూడెడ్ పాలీస్టైరీన్ అనే గట్టి నురుగు) పలక వేస్తే 0.55కు పడిపోతుంది. మరో 50 కలిపితే 0.30. మొదటి పలక 83 శాతం ఆపితే, రెండోది దాన్ని 91 శాతానికి చేరుస్తుంది. ఇన్సులేషన్ అమ్మేవారు మందం పెంచమంటారు. మా ఇంటికి 50 చాలు. ఏడాదిలో సగంకాలం మంచు కురిసేచోట ఇల్లుంటే మాత్రం నేను ఈ మాట అనను. అక్కడ లోపలికీ బయటికీ తేడా 30, 40 డిగ్రీలు ఉంటుంది, మిగిలిన ఆ కొద్ది శాతమే నెలల తరబడి లెక్కకొస్తుంది.

పాత కప్పు విషయంలో అందరూ మరిచిపోయేది బరువు. శ్లాబు మీద ఒకప్పుడు వేసిన ఇటుకముక్కల సున్నపు గచ్చు 100 మిల్లీమీటర్ల మందం ఉంది. చదరపు మీటరుకు 170 కిలోలు దాటుతుంది. నీళ్లు తాగితే ఇంకా ఎక్కువ. దాని మీదే మరో పొర వేసేద్దామన్నారు ఒక కాంట్రాక్టరు. స్ట్రక్చరల్ ఇంజినీరు చూసి, అడుగున ఒకచోట కమ్మీ తుప్పు పట్టి కాంక్రీటు ఉబ్బి ఉండటం గుర్తించి, ముందు పాత గచ్చు మొత్తం తీయాలి, ఆ చోటు బాగుచేయాలి, ఆ తర్వాతే మిగతాది అన్నారు. తీసిన బరువు కంటే వేసే బరువు తక్కువ ఉండాలన్నది ఆయన షరతు. ఎక్స్‌పీఎస్ పలక చదరపు మీటరుకు రెండు కిలోలు కూడా తూగదు. దాని మీది పలుచటి కాంక్రీటు, తెల్ల పెంకులు కలిపి 100 కిలోల దగ్గర ఆపాం.

పొరల వరుస ఇదీ: శ్లాబు, వాలు సరిచేసే పలుచటి పూత, నీరు దిగనివ్వని పొర, ఎక్స్‌పీఎస్, ఒక బట్టపొర, కాంక్రీటు, పెంకులు. నీరు ఆపే పొర ఇన్సులేషన్‌కు కింద ఉండటం కొత్తవారికి తలకిందులుగా తోస్తుంది. అలా ఉంటే ఆ పొరకు ఎండ తగలదు, పగలూ రాత్రీ సాగి ముడుచుకోదు, ఎక్కువకాలం మన్నుతుంది. అయితే పైన ఉండే పలక నీరు పీల్చనిదై ఉండాలి. అందుకే ఇక్కడ గాజు ఉన్ని గానీ మామూలు థర్మకోల్ గానీ పనికిరావు. ఎక్స్‌పీఎస్ ఎండకు పాడవుతుంది, గాలికి ఎగిరిపోతుంది. పైన బరువు వేయక తప్పదు.

పెంకులు పరచడానికి ముందు తూములు మూసి, కప్పు మీద నీళ్లు నిలబెట్టి రెండు రోజులు ఉంచాం. ఒక మూల పిట్టగోడ పాదం దగ్గర తేమ కనిపించింది. నీరు ఆపే పొరను పిట్టగోడ మీదికి ఇంకొంచెం ఎక్కించి మళ్లీ పరీక్షించాకే ముందుకు కదిలాం. ఈ పరీక్ష దాటవేయమని తొందరపెట్టేవారిని ఇంటి దరిదాపుల్లోకి రానివ్వకూడదు.

పని పూర్తయ్యాక సాయంత్రం 7 గంటలకు శ్లాబు అడుగు వేడి బయటి గాలితో ఇంచుమించు సమానం. అంతకుముందు 7 డిగ్రీల తేడా ఉండేది, అదీ చలికాలం చివర.

అదే నెల: పడమటి కిటికీలు

కిటికీలకు రెండు పొరల అద్దాలు వేయించమని ఒక అమ్మకందారు చాలా ఓపికగా నచ్చజెప్పారు. ఆయన ముందే కాగితం మీద లెక్క వేశాం. కిటికీ రెండు చదరపు మీటర్లు. ఒంటి అద్దం రేటు 5.7, జంట అద్దం 2.8. లోపలికీ బయటికీ 8 డిగ్రీల తేడా ఉందనుకుంటే, మార్చినందువల్ల తగ్గేది 46 వాట్లు. అదే కిటికీ మీద సాయంకాలపు ఎండ చదరపు మీటరుకు 600 వాట్ల చొప్పున పడితే, మామూలు అద్దం దానిలో 85 శాతం లోపలికి పంపుతుంది. అంటే 1,020 వాట్లు. ఒక టన్ను ఏసీ సామర్థ్యం 3,517 వాట్లు. దానిలో మూడో వంతుకు కొంచెం తక్కువ ఈ ఒక్క కిటికీకే ఖర్చు. మరి డబ్బు ఎక్కడ పెట్టాలి? ఎండను ఆపడంలో.

ఆపడమంటే బయటే ఆపాలి. లోపల తెర వేస్తే ఎండ అప్పటికే అద్దం దాటి తెరను వేడెక్కిస్తుంది, ఆ వేడి గదిలోనే మిగులుతుంది. సజ్జ దక్షిణపు నడినెత్తి ఎండకు బాగా పనిచేస్తుంది. పడమర సూర్యుడు కిందికి దిగి అడ్డంగా వస్తాడు. సజ్జ ఎంత ముందుకు లాగినా లాభం లేదు. దానికి నిలువుగా అడ్డుపడేది కావాలి. ఒకప్పుడు ఈ కిటికీలకు ఉన్నదీ అదే: ఏటవాలు చెక్కపట్టీల రెక్కలు. అవి అటకలో పడి ఉన్నాయి! తీయించినవారు పారేయలేదు, పుణ్యం కట్టుకున్నారు.

వడ్రంగి వాటిని చూసి కలప ఇంకా గట్టిగానే ఉందన్నారు. కుళ్లిన అడుగుపట్టీలు మార్చి, కీళ్లు కొత్తవి వేశారు. పాత రంగు గీకడంలో మాత్రం జాగ్రత్తపడ్డాం. పాత రంగుల్లో సీసం ఉండే అవకాశం ఎక్కువ. పొడిగా గీకితే ఆ ధూళి పిల్లల ఒంట్లోకి పోతుంది. అందుకని తడిపి గీకి, కింద పట్టా పరిచి, మాస్కులు పెట్టుకుని, రాలినదంతా మూటగట్టాం. అదేవిధంగా పాత ఇళ్లలో సిమెంటు రేకులు, గొట్టాల చుట్టూ బూడిదరంగు చుట్టలు కనిపిస్తే ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులను పాడుచేసే పీచు) అయి ఉండొచ్చు. వాటిని తొలవకూడదు, విరవకూడదు, తెలిసినవారిని పిలవాలి.

రెక్కలు మూసినా పట్టీల సందుల్లోంచి గాలి, వెలుతురు వస్తున్నాయి. సాయంత్రం ముందుగది ఏసీ వేసే సమయం మెల్లగా వెనక్కి జరిగింది.

వానలు పడుతుండగా: యంత్రాలు

వాన రోజుల్లో బయటి పని ఉండదు కాబట్టి ఆ 90 వాట్ల వేట మొదలుపెట్టాను. ఒక్కొక్క స్విచ్చే తీసి మీటరు దీపం చూడటమే. పాత ఇన్వర్టర్ బ్యాటరీ నిండాక కూడా లాగుతూనే ఉంది, అదే పెద్ద దొంగ. టీవీ పెట్టె, ఎవరూ వాడని పాత కంప్యూటర్, కాలింగ్ బెల్ ట్రాన్స్‌ఫార్మర్ తలా కొంచెం. ఇన్వర్టర్ మార్చి, మిగతావాటిని ఒకే స్విచ్చు కిందికి తెచ్చాక మిణుకుల మధ్య సమయం రెండింతలు దాటింది.

ఫ్యాన్లు పాతవి, ఒక్కోటి 75 వాట్లు. బీఎల్‌డీసీ మోటారువి (బ్రష్‌లు లేని, తక్కువ కరెంటు లాగే రకం) పూర్తి వేగంలో 30 దగ్గర ఉంటాయి. పాత పెట్టె రెగ్యులేటర్లు వేగం తగ్గించినా మిగిలిన కరెంటును వేడిగా తగలేస్తాయి. చెయ్యిపెడితే వెచ్చగా తెలుస్తుంది. ఎక్కువ గంటలు తిరిగే ఫ్యాన్లనే మార్చాం. అతిథుల గది ఫ్యాన్ రోజుకు గంట కూడా తిరగదు, దానికి కొత్తది దండగ. అన్నట్టు, ఫ్యాన్ గదిని చల్లబరచదు, మనిషి చర్మాన్ని చల్లబరుస్తుంది. ఖాళీ గదిలో తిరిగే ఫ్యాన్ మోటారు వేడిని గదికే కలుపుతుంది. ఇది మా ఇంట్లో ఇప్పటికీ వివాదాంశమే.

నీళ్ల హీటరుకు తొడుగు, వేడినీటి గొట్టానికి నురుగు గొట్టం వేశాం. వంద లీటర్ల నీటిని 35 డిగ్రీలు పెంచడానికి 4 యూనిట్లు పైన పడుతుంది. దారిలో చల్లారనివ్వడం అన్యాయం. నిల్వ ఉండే తొట్టెలో మాత్రం 60 డిగ్రీల కంటే తగ్గించలేదు. గోరువెచ్చగా నిలిచిన నీటిలో న్యుమోనియా తెచ్చే లెజియోనెల్లా బాక్టీరియా పెరుగుతుంది.

వానలు వెలిశాక: అటక

అటకను కావాలనే చివరికి ఉంచాం. ఒక వానాకాలం గడిచి, పెంకుల్లో కారే చోట్లు బయటపడి, అవన్నీ సరిచేశాకే దూది పరచాలి. తడిసిన రాతిఉన్ని (రాతిని కరిగించి తీసిన దూదిలాంటి పీచు) వేడిని ఆపదు సరికదా, చెక్కను కుళ్లబెడుతుంది.

ఎలక్ట్రీషియన్ ముందు ఎక్కారు. బట్టచుట్టిన పాత తీగలు ఇంకా రెండుచోట్ల ఉన్నాయి. తీగలో కరెంటు పారితే వేడి పుడుతుంది, ఆ వేడి గాలిలోకి పోవాలి. ఇన్సులేషన్‌లో పూర్తిగా కప్పేస్తే పోదు. అలాంటి తీగ మోయగల కరెంటును సగానికి తగ్గించి లెక్కించాలి. పాత తీగలు మార్చి, కొత్తవాటిని ఇన్సులేషన్‌కు పైన వాసాల పక్కనుంచి నడిపారు.

సీలింగ్ పైన 100 మిల్లీమీటర్ల రాతిఉన్ని పరిచాం. తొక్కి అణిచేస్తే లాభం లేదు, లోపల చిక్కిన గాలే పనిచేసేది. చూరు దగ్గర గాలి చొరబడే చోటు వదిలాం; అటక ఆరుతూ ఉండాలి. వాసాల అడుగున అల్యూమినియం రేకు బిగించాం, మెరిసే ముఖం కిందికి, ఖాళీ గాలి వైపు. వేడెక్కిన పెంకు తన వేడిని కిందికి వెదజల్లుతుంది. మామూలు ఉపరితలం 90 శాతం చొప్పున వెదజల్లితే మెరిసే రేకు 5 శాతమే. దేనికైనా ఆనుకుని ఉంటే ఆ గుణం పోతుంది, పైకి తిప్పితే దుమ్ము పట్టి పోతుంది.

చలి మొదలు: ఇప్పటి స్థితి

యూనిట్లు తగ్గాయి, కానీ నా కాగితం లెక్కకంటే తక్కువగా. కారణం కళ్లెదుటే ఉంది. ఎవరూ అడుగుపెట్టని వెనుక గది ఇప్పుడు పిల్లల చదువుగది అయింది. అక్కడ దీపం, ఫ్యాను, కంప్యూటర్. బొగ్గు పొదుపుగా వాడే యంత్రాలొస్తే బొగ్గు వాడకం పెరుగుతుందని 1865లోనే ఇంగ్లండ్ ఆర్థికవేత్త విలియం స్టాన్లీ జెవన్స్ అన్నాడు. నాకైతే ఇది నష్టంగా తోచలేదు. కట్టి ఉన్న గది వాడుకలోకి వచ్చింది.

పాత ఏసీని మార్చలేదు. నడిచే గంటలు తగ్గాయి కాబట్టి ఇంకొన్నాళ్లు దాన్నే నడిపి, అది ఆగినప్పుడు ఇప్పటి అవసరానికి సరిపడా చిన్నది కొంటాం. సోలార్ సంగతి కూడా అప్పుడే. శ్లాబు పెంకుల మీద మేకు దిగకుండా బరువుతో నిలిచే చట్రాల గురించి ఇంజినీరును అడగాలి, మళ్లీ బరువు లెక్కే.

పడమటి గోడ ఇంకా పూర్తిగా ఆరలేదు. అడుగున రెండు వరుసల ఇటుకల్లో తేమమాపకం ముల్లు ఇప్పటికీ పైకి లేస్తోంది. ఉప్పు పూసినప్పుడల్లా పొడి బ్రష్‌తో దులుపుతున్నాం, నీళ్లతో కడగడం లేదు. వచ్చే వేసవి చివర మళ్లీ కొలిచి, అప్పటికి ముల్లు దిగితే లోపలివైపు కూడా సున్నపు పూత.